నీళ్లలో మాత్రం వెయ్యకండి

ఆ రోజు పొద్దున ఆకాశం సరిగ్గా పిండకుండా తీగ మీద పడేసిన దుప్పటిలా బరువుగా కిందికి దిగి ఉంది. వాన పడదు, ఎండ రాదు. డాబా మీద తీగలన్నీ ఖాళీగా ఊగుతున్నాయి. అలాంటి రోజున గుడ్డలన్నీ నా బాయిలర్ గదిలోనే ఆరాలి. తెల్లటి దుప్పట్ల మధ్య దారి చేసుకుంటూ వ్యాన్ డ్రైవర్ లోపలికి వచ్చి కబురు చెప్పాడు.

"ఏటి అవతల కొత్త లాండ్రీ తెరిచారు. మడతల గదిలోంచి ఒకళ్లని అక్కడికి పంపాలట. ఎవర్నన్నది సారు రేపో మాపో తేలుస్తాడు."

చెప్పి వెళ్లిపోయాడు. నేను అక్క వైపు చూశాను. అక్క బావ వైపు తిరిగింది. చూడలేదు, తిరిగింది.

మాది హోటళ్లవీ ఆసుపత్రులవీ గుడ్డలు ఉతికే చోటు. నేను బాయిలర్ చూసుకుంటాను. అక్కా బావా మడతల గదిలో పని. పెద్ద దుప్పటి మడత ఒక్కరి వల్ల అయ్యేది కాదు. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి చెరో రెండు మూలలు పట్టుకోవాలి. లాగి విదిలించాలి. దగ్గరికి నడిచి మూలలు కలపాలి. ఒకరు పై అంచు పట్టుకుంటే రెండోవాళ్లు వంగి కింద వేలాడే మడత అందుకోవాలి. అలా పొద్దస్తమానం దగ్గరికి రావడం, దూరం జరగడం.

అక్కకి చూపు పోతోంది. మొదట పక్కలు పోయాయి, తర్వాత మధ్యలో మసక కమ్మింది. ఇప్పుడు వెలుతురుకీ చీకటికీ తేడా తెలుస్తుంది. తెల్లగుడ్డ తెల్లగా కనిపిస్తుంది. మనుషుల మొహాలు కనిపించవు. ఇంకా తగ్గడమే తప్ప బాగుపడటం ఉండదని డాక్టరు చెప్పేశాడు.

అయినా పని ఆగలేదు. బావ దుప్పటిని వదులు చేస్తే రమ్మని. గట్టిగా పట్టి ఉంచితే ఆగమని. ఒక పక్కకి చిన్నగా లాగితే ఆ పక్క ఏదో ఉందని, బల్లో, బుట్టో, మనిషో. ఇలా చేద్దామని ఇద్దరూ ఎప్పుడూ అనుకోలేదు. చూపు తగ్గినకొద్దీ గుడ్డకి మాటలొచ్చాయి, అంతే. దుప్పటి రెండు సగాల్లోనూ మరకలు చూడటం మాత్రం బావ వంతే.

సంగతి తెలిసినవాళ్లం నలుగురమే. వాళ్లిద్దరూ, నేనూ కాక ఇస్త్రీ పెద్దమ్మ ఒకతి, మరమ్మతులు చేసే ఫిట్టర్ ఒకడు. వాళ్లంతట వాళ్లే కనిపెట్టారు. అంటే నలుగురం కాదు, ఐదుగురం. పైవాళ్లకి తెలిస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు. మైలగుడ్డలు ఏరే ముసలాయనకి కళ్లు ఆనడం లేదని తేలిన రోజునే చేతులు పట్టుకుని, మంచిమాటలు చెప్పి, గేటు దాకా వచ్చి మరీ పంపేశారు. లాండ్రీ వెనక వరస గదులు ఇద్దరూ పనిలో ఉన్న జంటలకే ఇస్తారు. అక్క పని పోతే గది పోతుంది. ఇన్నాళ్లూ దాచాడని బావ పనీ పోతుంది.

మధ్యాహ్నం అన్నాలకి నా గదిలోనే కూర్చున్నారు. అక్కడ వెచ్చగా ఉంటుంది. అన్నం తినేటప్పుడు కథలు చెప్పుకోవడం మాకు చాలాకాలంగా అలవాటు. పెద్దమ్మది ఎప్పుడూ చలేసే కొండల దేశం. ఫిట్టర్ది ఓడెక్కి రావలసిన దేశం. ఇక్కడికొచ్చి మా మాట నేర్చుకున్నారు కానీ కథలు మాత్రం వాళ్లవే తెచ్చుకున్నారు. పెద్దమ్మ కథల్లో కుందేలు మోసం చేస్తుంది. ఫిట్టర్ కథల్లో సాలీడు. మా తరఫున బావ నక్కనీ తాబేలునీ దింపుతాడు. ఎవరి జిత్తులమారి గొప్పదన్న పంచాయితీ ఏ రోజూ తెగదు.

ఆ రోజు కబురు తెలిసినా పంచాయితీ మానలేదు. ఇంకో మాట ఎత్తడానికి ఎవరికీ ధైర్యం లేక.

"మీ సాలీడుకి తిండి యావ తప్ప ఇంకేమీ లేదు," అంది పెద్దమ్మ. "మా కుందేలు అలాక్కాదు. పరువు కోసం మోసం చేస్తుంది."

"దొంగతనంగా చిక్కుడు పాదుల్లో దూరడాన్ని పరువంటారా మీ కొండల్లో?" అన్నాడు ఫిట్టర్.

"దూరింది ఆకలికి. దొరికాక తప్పించుకుంది పరువుకి."

"మీ సాలీడుకి పెళ్లాం ఉందా?" అని అడిగింది అక్క.

"ఉంది వదినా. దానికి తెలివెక్కువ. అందుకే కథలో ఎక్కువసేపు ఉండనివ్వరు."

"మా నక్కకి లేదు," అన్నాడు బావ. "ఉంటే వాకిట్లోనే పట్టుబడేది. కథే నడవదు."

"నీకుంది కదా. నువ్వేం పట్టుబడ్డావు?" అంది అక్క.

బావ నవ్వి తాబేలు కథ అందుకున్నాడు. తాబేలు దొరికింది. దొరకబుచ్చుకున్నవాడు దాన్ని కాల్చాలా, కొట్టాలా అని ఆలోచిస్తున్నాడు. కాల్చు, కొట్టు, నీ ఇష్టం, నీళ్లలో మాత్రం వెయ్యకు, అని ఏడ్చింది తాబేలు. వాడు కసికొద్దీ తీసుకెళ్లి నీళ్లలోనే విసిరాడు.

పెద్దమ్మ చేతిలో ముద్ద నోటిదాకా వెళ్లి ఆగింది. "ఇది మాదే. మా కుందేలుది. చిక్కుడు పాదుల ముసలమ్మ పట్టుకుంటే, తోలు ఒలువు, కూర వండు, ఆ ముళ్లకంచెలోకి మాత్రం విసరకు, అంటుంది. అది పుట్టిందే ముళ్లకంచెలో."

"మా సాలీడూ అంతే," అన్నాడు ఫిట్టర్ నెమ్మదిగా. "కాలితో తొక్కండి, నిప్పులో వెయ్యండి, చీపురుతో దూలం మీదికి మాత్రం ఎత్తొద్దు, అంటుంది."

ఒకరి ఊరు ఇంకొకరు కలలోనైనా చూసినవాళ్లు కాదు. అయినా మూడు చోట్లా దొరికినవాళ్లు ఒకటే మాట అన్నారు, పట్టుకున్నవాళ్లు ఒకటే తప్పు చేశారు. పెద్దమ్మ పరాయివాళ్ల పెట్టెలో తన చెల్లెలి ఫొటో దొరికినట్టు నవ్వింది.

ఫిట్టర్ మాత్రం నవ్వలేదు. ముందుకు జరిగి కూర్చున్నాడు.

"మన సారు ఏమడిగినా ఏమంటాడు?"

"కుదరదు," అన్నారు అందరూ. ఆయన పేరే మాలో కుదరదు సారు. ఇస్త్రీ గదికి ఫ్యాను అడిగితే కుదరదు. ముక్కాలి పీట అడిగితే కుదరదు. సగంరోజు సెలవు కుదరదు.

"వదినని పంపొద్దని అడిగితే?"

"కుదరదంటాడు," అంది పెద్దమ్మ.

"పంపమని అడిగితే?"

బాయిలర్ బుసకొట్టింది. లేచి ఆవిరి కాస్త వదిలి వచ్చాను. వచ్చేసరికి అందరి మొహాలూ మారిపోయి ఉన్నాయి.

"ఆ కొత్త లాండ్రీలో రోలర్ల మెషీను బిగించింది నేనే," అంటున్నాడు ఫిట్టర్. "తడిగుడ్డ చేత్తో లోపలికి అందించాలి. రెండు రోలర్లూ కాలుతుంటాయి. కళ్లున్నవాళ్లకే వేళ్లు కాలుతున్నాయి. అక్కడికి వదిన వెళ్లకూడదు, అన్నా. నాకు వేరే దారి తోచలేదు."

అడగాలంటే కారణం ఉండాలి. మొగుడూ పెళ్లాం రోజంతా కొట్లాడుకుంటున్నారు, వినలేక చస్తున్నాం, విడదీయండి, అని చెప్పాలనుకున్నారు. సారు చెవిన పడేలా ముందు ఒకసారి కొట్లాడి చూపించాలి.

"ఏదీ, తిట్టు చూద్దాం," అంది పెద్దమ్మ బావతో.

బావ గొంతు సవరించుకున్నాడు. "నువ్వు... నువ్వసలు మంచిదానివి కాదు."

"అదా తిట్టడం? బిడ్డని లాలించినట్టుంది."

"నాకు రాదు పెద్దమ్మా."

"నాకొచ్చు," అంది అక్క. నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఏమయ్యా, కూరలో ఉప్పు లేదంటావు, ఉంటే ఎక్కువైందంటావు. నీ గురక విని వీధిలో కుక్కలు జవాబు చెబుతున్నాయి. నిన్ను కట్టుకున్న రోజున నాకు జ్వరం, లేకపోతే ఒప్పుకునేదాన్నే కాదు. నీ మొహం చూడలేకపోతున్నాను."

ఆ చివరి మాట దాకా అందరం నవ్వుతున్నాం. తర్వాత ఆగిపోయాం. అక్కే మళ్లీ అంది, "నవ్వండి. పర్లేదు."

సాయంత్రం సారు మడతల గది ముందునుంచి వెళ్తుంటే అక్క అదంతా మళ్లీ అప్పజెప్పింది. బావ తలవంచుకుని నిలబడ్డాడు. చూసేవాళ్లకి కోపం అణుచుకుంటున్న మనిషిలా ఉన్నాడు. సారు ఒక్క క్షణం ఆగి, వెళ్లిపోయాడు.

మర్నాడు ఫిట్టరూ పెద్దమ్మా సారు గదికి వెళ్లారు. తమ్ముడివి, నువ్వుంటే నమ్ముతాడు, అని నన్నూ తీసుకెళ్లారు. చిన్న గది. బల్ల, రెండు కుర్చీలు, గోడకి గడియారం. పైన ఫ్యాను ఉంది కానీ తిరగడం లేదు, రెక్కలకి సాలెగూడు పట్టి ఉంది. తన ఫ్యాను బాగుచెయ్యడం కూడా ఆయనకి కుదరలేదని అప్పుడే తెలిసింది.

ఫిట్టర్ చెప్పాల్సింది చెప్పాడు. పెద్దమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. అది ముందు అనుకున్నది కాదు, అప్పటికప్పుడు చేసింది.

సారు కళ్లజోడు తీశాడు. నా వైపు చూశాడు. "నువ్వు ఆమె తమ్ముడివి కదా. నిజమేనా?"

తలాడించాను.

"కూర్చో పెద్దమ్మా," అన్నాడు ఆయన. ఆ గదిలో ఆ మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు. పెద్దమ్మ కూర్చోవాలో వద్దో తెలియక కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. ఆయన కళ్లజోడు చొక్కా అంచుతో చాలాసేపు తుడిచాడు.

"నాకో చెల్లెలు ఉండేది," అన్నాడు. కాసేపటికి, "మీరు చెప్పడం మంచిదైంది. భార్యాభర్తల్ని విడదీయడం ఇష్టం లేక మడతల గదిలో మూలనుండే ఆ ఒంటరి మనిషిని పంపుదామనుకున్నాను. నిన్న నేనూ విన్నాను. రాత్రి నిద్ర పట్టలేదు. మీ అక్కనే పంపుదాం. కుదురుతుంది."

బయటికొచ్చాం. మెట్ల దగ్గర ఫిట్టర్ గోడ పట్టుకున్నాడు. మనిషి నల్లబడిపోయాడు. పెద్దమ్మ అతని వైపు చూడకుండా అంది.

"మా కుందేలుని పట్టుకున్న ముసలమ్మకి కోపం ఉండేది."

బావకి ఎలా చెప్పారో నేను వినలేదు. బాయిలర్ దగ్గరికి వెళ్లిపోయాను. బావ ఆ పూటే సారు గదికి వెళ్లాడు, వెళ్లినంత సేపట్లోనే వచ్చేశాడు.

"మేం కొట్లాడుకోం సార్, అన్నాను. అందరూ ఆ మాటే అంటారు, అన్నాడు. ఆవిడ వెళ్లేదాకా నువ్వు జాగ్రత్తగా ఉండు, ఒంటి మీద చెయ్యి పడిందని తెలిస్తే ఊరుకోను, అన్నాడు." బావ తన చేతులు రెండూ ఒకసారి చూసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు.

తర్వాత అక్క తనే సారు దగ్గరికి వెళ్తానంది. వసారాలో నా చొక్కా చెయ్యి పట్టుకుని నడిచింది. గుమ్మం ముందు వదిలేసి, వెళ్లింది. లోపల కిటికీ ఉంది, ఆ వెలుతురు చూసుకుని నడిచింది. నేను బయటే నిలబడ్డాను.

"ఆయన పంపించాడా నిన్ను?" అన్న సారు మాట వినిపించింది.

"లేదు సార్. నేనే వచ్చాను. మేం ఊరికే అరుచుకున్నాం. సరదాకి."

"భయపడకమ్మా. అక్కడ అందరూ ఆడవాళ్లే. నీకు గది కూడా చెప్పాను. నీ జోలికి ఎవరూ రారు."

"నాకు ఆయన కావాలి సార్."

లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. "మా చెల్లెలూ ఇదే మాట అనేది," అన్నాడు సారు. గొంతు బాగా తగ్గిపోయింది. అక్క వచ్చేసింది. గుమ్మం దగ్గర ఆయనే తలుపు పట్టుకుని నిలబడ్డాడు, ఆడమనిషి దాటేదాకా.

వసారా మలుపు తిరిగాక అడిగాను. "కళ్ల సంగతి చెప్పేద్దామా అక్కా?"

"చెబితే ఇవాళే ఇద్దరం రోడ్డు మీద ఉంటాం రా."

"వెళ్తే?"

"వెళ్తే ఏమవుతుందో తెలియదు కదా. తెలియంది కాస్త నయం." నాలుగడుగులు నడిచాక మళ్లీ అంది. "మీ బావ చెప్పబోతాడు. చెప్పనివ్వకు. నా మీద ఒట్టు పెట్టించాను కానీ నువ్వూ చూస్తుండు."

ఫిట్టర్ ఊరుకోలేదు. బాయిలర్ గదిలో రెండు దుప్పటి మూటలు గట్టిగా చుట్టి, ఒకదాని మీద ఒకటి బల్ల అంచుకి కట్టాడు. ఇవి రోలర్లనుకో వదినా అన్నాడు. గుడ్డ ఎంతవరకు అందించాలో, ఎప్పుడు వదిలెయ్యాలో చేతులు పట్టుకుని చూపించాడు. అక్క శ్రద్ధగా నేర్చుకుంది. గుడ్డ అందించింది. గుడ్డతో పాటు వేళ్లూ మూటల మధ్యకి వెళ్లాయి. మళ్లీ అందించింది. మళ్లీ వెళ్లాయి. అవతల గుడ్డ పట్టుకుని ఆగమని చెప్పే చెయ్యి లేదు. మెత్తటి మూటలు కాబట్టి ఏమీ కాలేదు.

"ఇంకోసారి," అంది అక్క.

ఫిట్టర్ మూటలు విప్పేశాడు. ఇంకో ఉపాయం ఉంది వదినా, మా సాలీడు ఒకసారి చచ్చినట్టు పడుకుని, అని మొదలుపెట్టాడు.

"చాలు మరిదీ," అంది అక్క. మెత్తగానే అంది. అతను దుప్పట్లు మడత పెట్టడం మొదలుపెట్టాడు. ఒక్కడే, వంకరటింకరగా.

అక్క వెళ్లే రోజున వ్యాను అన్నాల వేళ తర్వాత బయలుదేరుతుందన్నారు. ఆ రోజు బాగా ఎండ కాసింది. గుడ్డలన్నీ డాబా మీదికి వెళ్లిపోయాయి. నా గది బోసిగా, పెద్దగా కనిపించింది. పెద్దమ్మ చిరిగిన దుప్పటి ఒకటి తెచ్చి నేల మీద పరిచింది. అక్క ఒక అంచున కూర్చుంది, బావ ఎదురంచున. మధ్యలో మేం. అక్క బట్టల సంచి తలుపు పక్కనే ఉంది.

డబ్బాల మూతలు తీస్తున్నాం. తలుపు దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నారు. సారు. చేతిలో తన డబ్బా, ఒక పండు.

"నేనూ ఇక్కడే తింటాను," అన్నాడు. "కుదురుతుందా?"

ఎవరం నవ్వలేదు. పెద్దమ్మ జరిగి చోటిచ్చింది. ఆయన సరిగ్గా అక్క పక్కన, బావకి కనపడేలా కూర్చున్నాడు. కాపలాకి వచ్చాడు. మంచికే వచ్చాడు. చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చాడు.

ఆయన పండు ఒలిచి సగం చేసి అక్క వైపు చాపాడు. ఏమీ అనలేదు. అక్క డబ్బాలో ముద్ద కలుపుకుంటోంది. పండు గాలిలో అలాగే ఉంది.

పెద్దమ్మ పైకి చూస్తోంది. ఫిట్టర్ నేలకేసి చూస్తున్నాడు. నేను బావ చెయ్యి చూశాను. అది దుప్పటి అంచు మీద ఉంది. ఆ చెయ్యి కదలకపోతే సారు ఇంకొక్క క్షణం పండు పట్టుకుని ఉంటాడు. ఆ తర్వాత అక్క కళ్లలోకి చూస్తాడు. ఆ తర్వాత వ్యాను కదలదు, రోలర్లు ఉండవు. గది కూడా ఉండదు. ఒట్టు తప్పినట్టూ కాదు, బావ నోరు విప్పలేదు కాబట్టి. ఇదంతా బావకీ తెలుసు. చేతి నరాలు ఉబ్బాయి.

సారు నుదురు చిట్లించడం మొదలైంది. నోరు తెరవబోయాడు.

దుప్పటి కుడిపక్కకి చిన్నగా కదిలింది. నా కాళ్ల కింద కూడా తెలిసింది. బావ లాగాడో, ఇన్నేళ్ల అలవాటు కొద్దీ చెయ్యే లాగిందో.

అక్క కుడిచెయ్యి ఎత్తింది. పండు వేళ్లకి తగిలింది. అందుకుని తలవంచింది. సారు నుదురు సర్దుకుంది. తృప్తిగా తన డబ్బా మూత తీశాడు.

అక్క పండు తిన్నది. మేం అన్నాలు తిన్నాం. బయట వ్యాను ఇంజను వేసి ఉంచారు. బావ ఎడమచేత్తో తింటున్నాడు. కుడిచెయ్యి దుప్పటి అంచు వదల్లేదు.